పునాది మీద నిలబడాల్సిన మనిషి

మా అత్త కోరుకున్నది ఒక్కటే. కొబ్బరాకు కాని కప్పు కింద ఒక్క వానాకాలం గడిపి, ఆ తర్వాత పోవాలని. అదేమంత పెద్ద కోరిక కాదు. కానీ ఆమె పదిహేనేళ్లప్పుడు కోడలిగా వచ్చి ఆ కొట్టంలో దిగింది, నడుము వంగేదాకా ఆ కొట్టంలోనే ఉంది. వాన పట్టుకుంటే కప్పు ముందు ఏ మూల కారుతుందో, తర్వాత ఏ మూల కారుతుందో ఆమెకి తెలుసు. చుక్క పడకముందే గిన్నె తీసుకెళ్లి సరిగ్గా దాని కిందే పెట్టేది.

వాన కంటే ఆమెకి దీపావళి అంటే ఎక్కువ భయం. వీధిలో పిల్లలు రాకెట్లు వదులుతారు కదా. ఆ రోజు పొద్దున్నుంచే గోనెసంచులు తడిపి కప్పు మీద పరిపించేది. బిందె నిండా నీళ్లు పక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చునేది. అందరి ఇళ్లల్లో వడలు వేగే వాసన వస్తుంటే మా ఇంట్లో తడి గోనె వాసన. మిద్దె ఇల్లు వస్తే నేనూ ఒక మతాబా కాలుస్తానే అనేది. నవ్వుతూనే అనేది.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఇద్దరమూ మొగుడు పోయినవాళ్లమే. మా మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. మా ఆయన బజార్లో ఒక తెలుగు శెట్టిగారి ధాన్యం కొట్లో మూటలు మోసేవాడు. ఛాతీలో జబ్బు వచ్చి గోరిమేడు పెద్దాసుపత్రిలో పడుకున్నాడు, లేవలేదు. మాకు పిల్లల్లేరు. ఆయన పోయాక నేను ఆ ఆసుపత్రి వీధిలోనే పొద్దున పూట ఇడియాప్పం, అదే బియ్యప్పిండి ఒత్తి ఆవిరి మీద ఉడికించేది, అమ్మడం మొదలుపెట్టాను. రోగుల వెంట వచ్చినవాళ్లు కొంటారు. ఆయన్ని లోపల పెట్టుకుని నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న రోజుల్లో నాకు ఎవరూ వేడిగా ఏమీ అమ్మలేదు, అది మనసులో ఉండిపోయింది.

మాది తమిళం నడిచే ఊరు, నాకు తెలుగు నోటికే వచ్చు. సంతకం మాత్రం తమిళ అక్షరాల్లో గీస్తాను. ఇది మా వీధిలో ఒకామె దగ్గర కూర్చుని చెబుతున్నాను, ఆమె రాస్తోంది.

ప్రభుత్వం మమ్మల్ని ఎప్పుడూ చూడలేదని నేను అనను. పింఛను ఇచ్చింది. పండక్కి చీర ఇచ్చింది. చౌకదుకాణంలో బియ్యం ఇచ్చింది, తర్వాత బియ్యం బదులు డబ్బు బ్యాంకులో వేస్తామంది, అదీ కొన్నాళ్లు వచ్చింది, కొన్నాళ్లు రాలేదు. ఇవన్నీ అలా వచ్చి అలా పోయేవి. ఇల్లు వేరు. కొట్టాలు తీసేసి మిద్దె కట్టుకోవడానికి సాయం చేస్తారని మా వీధికి మనుషులు వచ్చి రాసుకున్నప్పుడు మా అత్త వాళ్లకి ముక్కాలిపీట తుడిచి వేసింది. మా స్థలానికి పట్టా ఉంది. అది మా మామ చేసిన ఒక్క మంచి పని.

మొగుడు పోయిన ఆడవాళ్లకి ముందు వరుస అని చెప్పారు. దానికి నేను విధవనని ఒక కాగితం కావాలి. ఆ కాగితం కోసం తాలూకా ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగానో చెప్పను, అందరూ తిరిగేదే. చివరికి అది చేతికొచ్చిన రోజు మా అత్త దాన్ని ముట్టుకుని చూసింది.

"నా కొడుకు బతికుండి కప్పు మీద ఒక ఆకు మార్చలేకపోయినాడు. పోయినాక చూడవే, ఇల్లు కట్టిస్తా ఉండాడు."

అంత మాట కన్నతల్లి అనొచ్చునా అని నాకు అనిపించింది. కానీ ఇద్దరం నవ్వాం. ఆ మధ్య మేం నవ్వింది అదొక్కసారే.

పద్ధతి ఏమిటంటే, ముందు పునాది మనమే వేసుకోవాలి. పని మొదలుపెట్టగానే వాళ్లు వచ్చి ఫొటో తీసుకుంటారు. పునాది లేచాక మొదటి విడత డబ్బు వస్తుంది. దాంతో గోడలు లేపాలి, మళ్లీ ఫొటో, మళ్లీ విడత. మా స్థలం ఒక కొట్టానికి సరిపోయేదే కాబట్టి కొట్టం విప్పితే గానీ పునాదికి చోటు లేదు. విప్పేశాం. వెనకవైపు ప్రహరీగోడకి పట్టా ఆనించి కట్టి, పక్కలకి పాత కొబ్బరాకు తడికలు పెట్టి అందులో దిగాం. పట్టా అంటే కాగితం పట్టా కాదు, నీలం ప్లాస్టిక్ పట్టా. మూడు నెలలే కదా అనుకున్నాం. అప్పుడు ఎండాకాలం. ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, పడే వానలకి గోడలైనా లేస్తాయని లెక్క.

పునాదికి నా తాళిబొట్టు బంగారం పోయింది. ఆయన పోయిన పదో రోజు నేను తీసి గుడ్డలో కట్టి పెట్టుకున్నదే అది. ఇంకెందుకు అది నాకు.

ఇప్పుడు పునాది పూజ సంగతి చెప్పాలి. అక్కడే తప్పు జరిగింది.

మాలో మొగుడు పోయినవాళ్లు ఇలాంటి పనులకి ముందు నిలబడరు. పెళ్లిలో తలంబ్రాల వేళ లోపలికి వెళ్లిపోతాం, గృహప్రవేశంలో చివరికి వస్తాం. ఎవరూ కర్ర పట్టుకుని తోలరు. మేమే జరుగుతాం. కొత్త ఇంటికి మొదటి ఇటుక వేసేటప్పుడు, ఆ ఇంటి ఆడది ముత్తయిదువగా పసుపు నీళ్ల చెంబు పట్టుకుని నిలబడాలి. మా ఇంట్లో అలా నిలబడేవాళ్లు ఎవరున్నారు? అందుకని మా అత్త తన కూతుర్ని, అంటే నా ఆడబిడ్డని, ఏంబలం నుంచి పిలిపించింది. ఆమెని ఆ ఊళ్లో వ్యవసాయం చేసుకునేవాళ్లకి ఇచ్చారు. పట్టుచీర కట్టుకుని, తల నిండా కనకాంబరాలు పెట్టుకుని పొద్దున్నే బస్సు దిగింది. నన్ను చూసి, వదినా నువ్వేం దిగులు పడొద్దు, నీ ఇల్లు నా చేత్తో మొదలుపెడితే నాలుగు అంతస్తులు లేస్తుందని నవ్వించింది. మంచి మనిషి. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

నేను పక్కింటివాళ్ల పెరట్లో పొయ్యి పెట్టి చక్కెరపొంగలి చేస్తున్నాను. మా అత్త అదే పెరట్లో మొహం అటు తిప్పి కూర్చుంది. మధ్యలో నడుమెత్తు గోడ. నా ఇంటికి మొదటి ఇటుక పెట్టడం నేను ఆ గోడ మీదుగా చూశాను. పునాది గుంట మూల నవధాన్యాలు పోశారు, పాలు పోశారు. ఆడబిడ్డ చెంబు పట్టుకుని నిలబడింది. ఆమె మొగుడు కొబ్బరికాయ కొట్టాడు.

సరిగ్గా అప్పుడే ఇళ్ల సాయం ఇచ్చే ఆఫీసు నుంచి ఓవర్సీరు వచ్చాడు. నడివయసు మనిషి, చెమటలు కారిపోతున్నాయి, ఆ రోజు ఇంకా చాలా చోట్లకి వెళ్లాలట. పని మొదలైందని ఒక ఫొటో తీయాలి, ఇల్లు ఎవరి పేరున ఉందో ఆ అమ్మ వచ్చి పునాది దగ్గర నిలబడాలని తమిళంలో చెప్పాడు. నాకు స్పష్టంగా వినిపించింది. చేతులు కడుక్కున్నాను. ఒక అడుగు కూడా వేశాను. మా అత్త నా కొంగు పట్టుకుంది.

"యాడికి పోతావే? మొదటి ఇటుక తడి ఆరలే. ఇప్పుడు పోయి నిలబడితే ఇల్లు నిలుస్తుందా?"

నేను ఆగాను. ఆమె గోడ మీదుగా కూతురికి, నువ్వు నిలబడవే, నువ్వూ ఈ ఇంటి బిడ్డవే అని చెప్పింది. ఆడబిడ్డ ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె చెంబుతోనే పునాది గుంట పక్కన నిలబడింది. ఓవర్సీరు ఫోను ఎత్తాడు, తీశాడు. ఆయన మోసం చేయలేదు, మేమూ చేయలేదు. పేరు అడిగితే అక్కడున్నవాళ్లు కాగితంలో ఉన్న పేరే చెప్పారు, నా పేరు. ఆయన ఆకులో పొంగలి తిని, జీడిపప్పు బాగా వేశారమ్మా అని వెళ్లిపోయాడు.

మా అత్త ఆపిందని ఆమె మీదకి నెట్టేయడం నాకు సులువు. కానీ నిజం చెప్పాలి కదా. ఆమె కొంగు పట్టుకున్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. నా మొహం ఆ మొదటి ఫొటోలో పడితే ఇంటికి మంచిది కాదని నా లోపల కూడా ఉంది. ఆమె పట్టుకోకపోయినా రెండో అడుగు వేసేదాన్ని కాదేమో.

పునాది లేచింది. మోకాలెత్తున గట్టిగా, నాలుగు మూలల ఇనప కడ్డీలు పైకి నిలబెట్టి, లోపల మట్టి నింపి, పైన సిమెంటు పూశారు. మా అత్త రోజూ సాయంత్రం దాని మీదకి ఎక్కి నడిచేది. ఈడ వంట, ఈడ పడక, ఈడ దేవుడు అని కాలితో గీతలు గీసేది. విడత కోసం ఎదురుచూశాం. ఒక నెల, రెండు నెలలు. మేస్త్రీ వేరే పనికి వెళ్లిపోయాడు. మా వరుసలో ఉన్న మిగతా ఇళ్లకి గోడలు లేస్తున్నాయి.

ఆఫీసుకి పోతే చూస్తాం అన్నారు. మళ్లీ పోతే వస్తుంది అన్నారు. నాలుగోసారి పోయినప్పుడు లోపల ఒక అధికారి కంప్యూటర్‌లో ఫొటో తెరిచి నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు. ఈమె ఎవరు అని అడిగాడు. నేను దాచాల్సింది ఏముందనుకున్నాను. మా ఆడబిడ్డ సార్, ఏంబలంలో ఉంటుంది, వాళ్లకి మీరిచ్చిన మిద్దె ఇల్లే, చాలా బాగా కట్టారు అని చెప్పాను. పొగిడితే సంతోషిస్తాడనుకున్నాను. ఆయన అదంతా రాసుకున్నాడు. తర్వాత, స్థలం ఆమెకి అమ్మేశావా, నీ పేరు మీద వాళ్లు రెండో ఇల్లు కట్టుకుంటున్నారా అని అడిగాడు.

ఏం చెప్పేది? లేదు సార్ అన్నాను. మరి నీ ఇంటి ఫొటోలో నువ్వెందుకు లేవు? నాకు మొగుడు లేడు సార్ అన్నాను. దానికీ దీనికీ ఏం సంబంధం అన్నాడు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదో, అర్థమయ్యీ అడిగాడో తెలియదు. నేను బయటికి వచ్చాను.

బయట గుమస్తా బల్ల దగ్గర ఒక ఆమె కూర్చుంటుంది. మల్లెపూలు, పెద్ద బొట్టు. ఆమెకి మొత్తం చెప్పాను. ఆమె విన్నది. చేతిలో పని ఆపి విన్నది, అది చెప్పుకోవాలి.

"నాకు తెలుసమ్మా. నా పెళ్లిలో మా అమ్మే వంటింట్లోంచి బయటికి రాలేదు. కానీ ఇక్కడ నేనేం రాసేది? అమ్మేసింది, ఊళ్లో లేదు, చనిపోయింది, వీటికి ఫారంలో గడులున్నాయి. దీనికి గడి లేదు."

మొగుడు పోయినదాన్నని నన్ను ముందు వరుసలో పెట్టింది ఈ ఆఫీసే. మొగుడు పోయినదాన్నని వెనక్కి జరిగాను, అందుకు నా ఫైలు ఆపేసిందీ ఈ ఆఫీసే. ఈ రెండూ కలిపి ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఒక దారి ఉందని ఆ గుమస్తామ్మే చెప్పింది. ఆడబిడ్డ స్వయంగా వచ్చి, నేను పూజకి నిలబడ్డానంతే, ఆ ఇంటితో నాకు సంబంధం లేదని రాసి సంతకం పెడితే ఫైలు మళ్లీ కదులుతుంది. ఆ ఏడాది జాబితా మూసేలోపల రావాలి.

కానీ నేను ఆమెకి కబురు పెట్టేలోపే ఏంబలం ఇంటికి విచారణకి మనుషులు వెళ్లారు. ఆ ఇంటి కాగితాలన్నీ తీయించారు. మరుసటి రోజే ఆడబిడ్డ వచ్చింది. ఈసారి పూలు లేవు. మా పట్టా కింద కూర్చోలేదు, పునాది పక్కనే నిలబడి మాట్లాడింది.

"నీ ఇంటికి నిలబడినందుకు నా ఇంటికి ముప్పు తెచ్చి పెట్టినావే వదినా. మా ఇల్లు బాగా కట్టినారని ఆఫీసులో చెప్పమని నిన్నెవరు అడిగినారు?"

సంతకం సంగతి ఎత్తాను. ఆమె మొగుడు ఇక ఏ ఆఫీసు గడపా తొక్కొద్దన్నాడట, ఇంకో కాగితం మీద సంతకం పెడితే ఉన్న ఇల్లు కూడా పోతుందన్నాడట. ఆమె భయం నాకు అర్థమైంది. ఇల్లు పోతుందన్న భయం నాకు తెలియనిదా.

నాలుగు రోజులు మా అత్త పునాది ఎక్కలేదు. ఐదో రోజు పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, ఏంబలం బస్సు ఎక్కిస్తావా అని అడిగింది. నేనూ వస్తానంటే వద్దంది. తల్లీ కూతుళ్ల మధ్య నువ్వెందుకంది. బస్సులో కూర్చోబెట్టి, దింపమని కండక్టరుకి చెప్పాను. సాయంత్రం దాకా బస్టాండులోనే కూర్చున్నాను. ఆమె దిగింది. చేతిలో ఒక సంచి, అందులో రెండు సొరకాయలు.

"ఏమనింది అత్తా?"

"అన్నం పెట్టింది."

అంతే. ఆ సొరకాయలు మూడు రోజులు వండాను. ఆమె తినలేదు.

వానలు వచ్చాయి. ఆ పట్టా ఎండకి మడతల దగ్గర చీలిపోయింది. వీధి నీళ్లు లోపలికి వచ్చేవి. పిండి తడిసిపోయింది, పొయ్యి అంటుకోలేదు, ఇడియాప్పం ఆగిపోయింది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఆమెని దాని మీదే ఉంచాను. అక్కడినుంచి ఆమెకి పునాది కనిపించేది. వాన నీళ్లలో నల్లగా, ఎత్తుగా, పైన ఏమీ లేకుండా. కారే చోట గిన్నె పెట్టడానికి కూడా ఆమె లేవలేదు. ఈ పట్టా ఎక్కడ కారుతుందో ఆమెకి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

జ్వరం, దగ్గు పట్టుకుంటే గోరిమేడు ఆసుపత్రికి తీసుకెళ్లాను. మందులిచ్చి, చలి తగలకుండా పొడిగా ఉంచమన్నారు. సరేనన్నాను. పొడి చోటు ఎక్కడుందని వాళ్లని అడగలేం కదా.

ఒకరోజు మధ్యాహ్నం పూట పోయింది. గంజి తాగించడానికి కూర్చోబెడితే నా భుజం మీద తల వాల్చి పోయింది.

పోయినవాళ్లని వాకిట్లో పడుకోబెట్టాలి. వాకిలి యాడుంది మాకు? వీధి మోకాలి దాకా నీళ్లు. పట్టా కింద నలుగురు నిలబడటానికి చోటు లేదు. ఎవరో అన్నారు, పునాది మీద పెడదామని. అంత మెరక ఆ వీధిలో అదొక్కటే. వాన తెరిపిచ్చిన వేళ చూసి, నలుగురు మగవాళ్లు మంచంతో సహా ఎత్తి పునాది మీదకి చేర్చారు. కడ్డీలకి ఒక దుప్పటి కట్టారు నీడగా. ఈడ పడక అని ఆమె కాలితో గీసిన చోటే పెట్టారు. నేను చెప్పలేదు, అలా కుదిరింది.

ఆడబిడ్డ వచ్చింది. పునాది ఎక్కలేక కింద నీళ్లలోనే కూలబడి ఏడ్చింది. నేనే చెయ్యిచ్చి పైకి లాగాను. తల దగ్గర నేను నిలబడ్డాను. స్నానానికి నీళ్లు నేనే పోశాను, చీర నేనే మార్చాను. నువ్వు పక్కకి జరుగు అని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు. ఈ పనికి నేను సరిపోతాను. రాలేని బంధువులకి చూపించడానికి ఆడబిడ్డ మొగుడు ఫోనులో ఫొటో తీశాడు.

పదకొండో రోజు అయ్యాక ఆడబిడ్డ తనంతట తానే అంది.

"రా వదినా, పోదాం. యాడ కావాలంటే ఆడ సంతకం పెడతా."

ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్లాం. ఆ గుమస్తామ్మే ఉంది. ఆడబిడ్డని చూసి ఫొటోలో మనిషి ఈమేనని గుర్తుపట్టింది. కాగితం తీసుకుంది, కంప్యూటర్‌లో చూసింది. జాబితా మూసేశారమ్మా అంది. కొత్త జాబితా ఎప్పుడు తీస్తారో తెలియదు, తీసినప్పుడు మొదటినుంచీ రాసుకోవాలి, విధవ కాగితం కూడా కొత్తది తేవాలి.

ఆడబిడ్డ ఊరుకోలేదు. ఫోను తీసి, అత్త పోయిన రోజు తన మొగుడు తీసిన ఫొటో ఆమె ముందు పెట్టింది. చూడండి, పునాది ఇదే, మా వదిన ఇదే, మధ్యలోనే నిలబడింది కదా, ఇది చాలదా అని అడిగింది. ఆ గుమస్తామ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. మంచం మీద ఎవరున్నారో ఆమెకి అప్పుడు తెలిసింది. తర్వాత ఫోను నా చేతికి ఇచ్చి, ఇది చెల్లదమ్మా అంది. మా మనిషి వచ్చి మా ఫోనులో తీయాలి.

ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. కొత్త జాబితా సంగతి ఎవరూ చెప్పలేదు. కడ్డీలు తుప్పు పట్టాయి, ఆ తుప్పు కారి సిమెంటు మీద ఎర్రగా మరకలు పడ్డాయి. నేను ఇంకా ఆ పట్టా కిందే ఉన్నాను. ఎప్పుడైనా వీధిలో ఫోను చేత పట్టుకుని కొత్త మనిషి కనబడితే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తి వెళ్లి పునాది మధ్యలో నిలబడతాను. వాళ్లు కరెంటు మీటరు చూసుకుని వెళ్లిపోతారు.